ఇంకో చుట్టు

గిటారు మూగబోయింది.

తప్పు చెల్లెలిదే. స్పీకర్లో సన్నగా కీచుమంటోందని, రికార్డింగుకు ముందు సరిచేద్దామని తీగలు వదులు చేసి పికప్ మూత తీసింది. లోపల అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. గిటారు తీగల అదురును పట్టి స్పీకరుకు అందించేది అదే. దాని మీది పాత టేపు బంకబంకగా తగిలేసరికి కొత్తది వేద్దామని లాగింది. టేపుతో పాటు రాగి తీగ కొస తెగి వచ్చేసింది.

ఇంకో రోజైతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. కానీ అన్నకు మర్నాడు పొద్దున గొంతు ఆపరేషను. గడ్డ తీసేశాక మాట వస్తుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. పాట సంగతి అడిగితే మాత్రం కిటికీలోంచి బయటికి చూశాడు. అందుకే ఈ మధ్యాహ్నం ఈ స్టూడియో, ఈ ఒక్క పాట. అన్న పొద్దుటినుంచి పెదవి విప్పలేదు. మంచినీళ్ళు కావాలన్నా సైగే. మిగిలిన కాస్త గొంతునూ పాట కోసం దాచుకున్నాడు.

ఇంకో గిటారు తెద్దామంటే ఆమెది ఎడమచేతి వాటం. అన్న ఆమెను చిన్నప్పటినుంచీ పుర్రచెయ్యీ అనే పిలుస్తాడు. రికార్డిస్టు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఉన్నవన్నీ కుడిచేతి గిటార్లే. ఉన్నదాన్నే స్పీకరు లేకుండా వాయించి చూస్తే దోమ రొద నయమనిపించింది. పోనీ గొంతు ముందు రికార్డు చేసి గిటారు తర్వాత కలుపుకుందామన్నాడు రికార్డిస్టు. అన్న మైకు ముందు నిలబడ్డాడు. చెల్లెలి గిటారు చెవినపడకుండా ఏనాడూ పాడినవాడు కాదు. పల్లవి సగంలోనే శ్రుతి జారింది, గొంతు గీరుకుపోయింది. మెడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

ఇక మిగిలింది ఆ తీగను అతకడమే.

తెగింది చుట్టల లోపలి కొసైతే మొత్తం విప్పి చుట్టాల్సిందే. అదృష్టం, తెగింది బయటి కొస. రికార్డిస్టు పికప్ వెనక తెల్ల కాగితం పట్టుకుంటే ఆమె సూదితో ఆ కొసను దొరకబుచ్చుకుంది. పికప్ అంచున ఉన్న ఇత్తడి రింగుకు దాన్ని తగిలించి సోల్డరింగు చేసింది. స్క్రూడ్రైవరుతో అయస్కాంతం మీద తట్టింది. స్పీకరు పలకలేదు.

"దానికి వార్నిష్ పూత ఉంటుందమ్మా. గీకావా?" అన్నాడు రికార్డిస్టు.

గీకలేదు. కంగారులో ఆ మాటే మరిచిపోయింది. ఊడదీసి బ్లేడుతో గీకింది. తీగ పుటుక్కున తెగింది. చుట్ట నుంచి ఒక చుట్టు విప్పి మళ్ళీ గీకింది. ఈసారి పూత పోయింది గానీ, కాలుతున్న సోల్డరింగు మొన తగలగానే తీగ కుంచించుకుని విరిగింది. మరో చుట్టు విప్పబోతే పాత మైనానికి అతుక్కుని అక్కడికక్కడే తెగింది. మాటిమాటికీ కాల్చడంతో ఇత్తడి రింగు కూడా వదులై గిర్రున తిరగడం మొదలుపెట్టింది. స్టూడియో బుక్ చేసుకున్న తర్వాతి పార్టీ వాళ్ళు అప్పుడే వరండాలో సామాన్లు దించుతున్నారు.

ఆమె చేతిలోది కింద పెట్టేసింది.

"నావల్ల కాదన్నయ్యా. నీ పాటను నా చేతులతో నేనే తెంపేశాను."

అన్న వద్దు వద్దని తలూపాడు. ఆమె చూడలేదు. భుజం తట్టాడు. ఆమె ముఖం ఎత్తలేదు. చివరికి ఆమె మణికట్టు పట్టుకుని నోరు తెరిచాడు. రేకు మీద ఇసుక రాసినట్టుంది ఆ గొంతు.

"పుర్రచెయ్యీ, ఇంకో చుట్టు విప్పు."

రికార్డిస్టు వారించేలోపే అనేశాడు. పొద్దుటినుంచి దాచుకున్నదాంట్లో కొంత ఆమె మీద ఖర్చయిపోయింది. ఇప్పుడు ఆగడానికి ఆమెకు హక్కు లేదు.

మైనం మెత్తబడేదాకా నోటితో వేడి ఊపిరి ఊదింది. సూదితో చుట్టును మెల్లగా ఎత్తింది. పూతను పూర్తిగా కాక, కొసన ఒక్క చుక్క మేర గీకింది. మొన తగిలించి రెప్పపాటులో తీసేసింది. స్క్రూడ్రైవరు తట్టగానే స్పీకరు ఠప్పుమంది. గిటారు తీగలు బిగించి శ్రుతి చేసుకుంది.

కానీ రింగు కదిలితే తీగ మళ్ళీ తెగుతుంది. రికార్డిస్టు యంత్రం ఆన్ చేసి వచ్చి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రింగును అగ్గిపుల్లతో నొక్కిపట్టాడు. వాయించే చెయ్యి తన ముక్కును రాసుకుంటూ పోతున్నా తుమ్మకుండా ఊపిరి బిగబట్టాడు.

ఆమె తీగలు మీటింది. అన్న పాడాడు. పల్లవి నిండుగా వచ్చింది. మొదటి చరణంలో గొంతు రెండుగా చీలింది, మళ్ళీ కలిసింది. రెండో చరణానికి ఒక్కొక్క మాటా తోడుకోవాల్సి వచ్చింది. ముందు ఏది తెగుతుందో, తీగో గొంతో, ఆమెకు అర్థం కాలేదు. ఆఖరి పాదంలో పెదవులు కదిలాయి గానీ గాలే వచ్చింది. ఆ ఖాళీని ఆమె గిటారుతో పూడ్చలేదు. అతను పాడుతున్నట్టే కింద శ్రుతి పట్టి ఉంచింది.

రికార్డిస్టు చేతిలోంచి అగ్గిపుల్ల జారి రింగు తిరిగింది. స్పీకరు మూగబోయింది.

"ఆఖరి పాదం రాలేదు," అన్నాడు రికార్డిస్టు నేల చూస్తూ.

అన్న మెడ రుద్దుకున్నాడు. చెల్లెలి కళ్ళలోకి చూస్తూ చూపుడువేలితో గాలిలో గుండ్రంగా ఒక చుట్టు చుట్టాడు.

ఆమె బ్లేడు అందుకుంది.

బయట ఎవరో తలుపు తట్టారు. రికార్డిస్టు లేచి వెళ్ళి గడియ వేసి వచ్చాడు.