పసుపు పూయని జానెడు చోటు

లోభియగు మేనమామవలె వాకిట నొకింతసేపు నిలిచి ఏమియు నీయక మేఘములు మరలిపోవు ఆశ్వయుజమాసమున ఆదవాని పట్టణమునకు పడమటి దిక్కున నల్లరేగడి నేల మోకాలిలోతు నెఱ్ఱెలు వాఱి యుండెను. గాలి వీచినప్పుడెల్ల ప్రత్తినూగు లేచి ఇండ్ల చూరులను మేకల కొమ్ములను ముసలివారి కనుబొమలను ఏకరీతిగ తెల్లవాఱజేయుచు దగ్గును మాత్రము ఎవరిది వారికి వేఱువేఱుగ పంచిపెట్టుచుండెను. ధూళిధూసరితమగు ఆ దిక్కున ఇటుకగోడల నడుమ ఎత్తైన పొగగొట్టముతో ప్రత్తిని అదిమి బేళ్లు కట్టు కార్ఖానా యొకటి కలదు. ఈ కథ యంతయు దానిలోనిదే. సంతోషకరమగు కథ వినగోరి వచ్చినవారు ఇచ్చోటనే లేచిపోవచ్చును. మేము వారిని తప్పుపట్టము.

ఆ కార్ఖానా గర్భమున నీటియొత్తిడిచే నడచు మహాయంత్రమొకటి నాలుగు ఉక్కుస్తంభముల నడుమ నిలిచియుండెను. ఆవిరిచే నడచు పంపులు నీటిని దళసరియగు పోతయినుప గొట్టములోనికి నెట్టగా ఆ గొట్టమునుండి తాటిమ్రానంత లావుగల యుక్కుకంబము పైకి లేచి నిలువెత్తు ప్రత్తిరాశిని మోకాలెత్తు బేలుగా నదిమివైచును. పనివాండ్రు చుట్టును నిలిచి ఇనుపపట్టీలు బిగించి కట్టువఱకు ఆ యొత్తిడి యట్లే నిలువవలెను. ఆ పోతయినుప గొట్టమును వారు కుండ యందురు. కుండ చాలవఱకు భూగర్భమున దాగియుండగా దాని మెడ మాత్రము నేలకు మూరెడెత్తున పైకి తేలియుండును. పట్టీలు కట్టువారి కాళ్లు ఆ మెడకు తగులుచునే యుండును.

ఒత్తిడి ఎంతయున్నదో తెలుపు గేజి యను గుండ్రని బిళ్ల గోడకు వ్రేలాడుచుండగా దాని యెదుట ముప్పదియొక్క సంవత్సరములుగా నిలిచినవాడు దూదేకుల దస్తగిరి. అక్షరమన్న నెఱుగని ఈ వృద్ధుడు గేజిలోని ముప్పది గీతలను పండితుడు పంచాంగమును చదివినట్లు చదువును. కన్ను ముల్లుపై నుండగా కుడిచేయి నీటిగొట్టముపై నుండును. ముల్లు చెప్పకమునుపే గొట్టము చెప్పునని యాతని నమ్మకము. అది యనేక పర్యాయములు నిజమైనది కూడ. అతడు బాగున్నదనిన బాగున్నట్లే గాని మఱియొకరిని పిలిచి చూపించు నలవాటు ఆ కార్ఖానాలో లేదు.

ఆ యేటి వేసవిలో కుండమెడపై నీటిచెమ్మ పొడసూపగా దస్తగిరి అచ్చోట శుభ్రముగ తుడిచి కిరసనాయిలు పూసి మరల తుడిచి సుద్దపొడి చల్లెను. క్షణములో ఆ తెల్లని పొడిపై వెండ్రుకవంటి తడిగీత నాలుగంగుళముల పొడవున తేలెను. ఇనుములోని పగులు త్రాగిన కిరసనాయిలును అట్లు కక్కినది. యజమానుడైన సావుకారు చెన్నబసప్ప వచ్చి చూచి నిట్టూర్చెను. క్రొత్త కుండ సముద్రము దాటి రావలెను. అందులకు ఎనిమిది నెలలు పట్టును. కావున ముల్లును ఇరువదవ గీత దాటనీయరాదనియు పగులు కొన యెదుట సుద్దతో నడ్డగీత గీసి దినదినము ఉదయమున పరీక్షింపవలెననియు ఏర్పాటు జరిగెను.

“సుద్ద చెరిగిపోతుంది సామీ. ఉలితో చిన్న చుక్క పెట్టేదా?” అని దస్తగిరి యడిగెను.

“పగిలిన కుండ మింద ఉలి ఏస్తావా? బుద్ధుందా నీకు?” అని సావుకారు కసరి వెంటనే శాంతించి “పగులు ఆ గీత దాటిన పొద్దు నిలిపేద్దాం దస్తగిరీ. నువ్వు చెప్తే చాలు. నీ మాటే నాకు గేజి” అనెను.

ఈ మాట ముసలివానికి అమృతప్రాయమై యుండెను. మనుష్యుని పాడుచేయుటకు తిట్టే కావలెనా? పొగడ్త చాలదా?

పట్టీలు కట్టువారి ముఠాకు పెద్ద బోయ ఉరుకుందప్ప. దస్తగిరికిని వీనికిని ఇరువదియైదేండ్ల మైత్రి. మధ్యాహ్నపుగంట కొట్టగనే ఉరుకుందప్ప భార్యయగు తిమ్మక్క కట్టియిచ్చిన జొన్నరొట్టెను చెనిక్కాయల కారమును ఇరువురును ఒక్క గుడ్డమీదనే విప్పుకొని తినువారు. ఉరుకుందప్ప స్థూలకాయుడు బిగ్గరగ నవ్వువాడు యంత్రమును అమ్మ యని పిలుచువాడు. దానిపై కాలు పెట్టవలసివచ్చినప్పుడెల్ల చేయి కన్నుల కద్దుకొనునంతటి భక్తి వానిది. అట్టి భక్తుని చేతనే యీ యనర్థము జరిగినది. ఏమి చెప్పుదుము!

ఆయుధపూజకు కార్ఖానాకు మూడు దినములు సెలవు. దస్తగిరి పత్తికొండలోని చెల్లెలి యింటికి పోయి నాలుగవనాటి ప్రాతఃకాలమున తిరిగివచ్చి చూడగా యంత్రము ఆపాదమస్తకము పసుపు పూసుకొని కుంకుమబొట్లతో బంతిపూల దండలతో పెండ్లికూతురై కూర్చుండెను. సుద్దగీత కనబడలేదు. కుండమెడ చుట్టును నూనెలో కలిపిన పసుపు వ్రేలిమందమున పట్టించబడి యుండెను.

“ఏందిరా ఉరుకుందూ ఇది? గీత యాడుండాది?”

“కడిగినా కదన్నా! పండగ పూట అమ్మ మెడకు ఆ బోడిగీత ఏంది? పగుల్లో నూనె పసుపు నిండుగా దూర్చినా. మన కాలికి గాయమైతే పసుపు పెట్టుకోమా? అట్లే మానుతుంది పో.”

“ఇనుముకు మానేది యాడిదిరా పిచ్చోడా!”

దస్తగిరి గుడ్డతో తుడిచెను. కిరసనాయిలు పోసి రుద్దెను. సుద్ద చల్లెను. తెల్లని పొడిపై సన్నని తడిగీతకు మాఱుగ పచ్చని మరక యొకటి అలికినట్లు అన్ని దిక్కులకు పఱచుకొనెను. పసుపు పగులులోనికి చొచ్చి బిగిసిపోయినందున కిరసనాయిలు లోనికి పోవుటకును వెలికి వచ్చుటకును తెఱపి లేకుండెను. రెండవమాఱు చల్లెను. మూడవమాఱు చల్లెను. పగులు కొన యెక్కడనో వానికి తెలియరాలేదు. సున్నపుతేటతో నొక దినమంతయు కడిగి ఆరబెట్టినగాని తెలియదు. ఆ సంగతి వాని ముఖముననే చదువుకొన్న ఉరుకుందప్ప నవ్వు చల్లారిపోయెను.

“సావుకారికి చెప్తావాన్నా?” అని మెల్లగ నడిగెను. “ఇంటికి పంపిచ్చేస్తాడు. ఈ వయసులో నన్నింకెవురు పెట్టుకుంటారు?”

ఆ భయము వట్టిది కాదు. చెన్నబసప్ప దయాళువే కాని ముంగోపి. పట్టీ వదులైనదని పదునేడేండ్లు పనిచేసినవానిని మధ్యాహ్నపుగంట కొట్టకమునుపే గేటు వెలుపలికి పంపినవాడు. మఱునాడు పశ్చాత్తాపపడెను గాని పిలువనంపలేదు.

ఆ దినముననే సావుకారు గడప దాటకమునుపే కేకలు వేయుచు వచ్చుట తటస్థించెను. ప్రత్తిధర పెరిగినది. వేసవినుండి దాచిన సరకంతయు ఒక్కసారి ఓడ కెక్కవలెను. బేళ్లు ఇంకను గట్టిగ నదిమినగాని ఓడలో పట్టవని బొంబాయినుండి తంతి వచ్చినది. గేటు వెలుపల బండ్లు బారులు తీర్చియుండెను.

“ఏం దస్తగిరీ, పగులు కదిలిందా? ఇయ్యాల ముల్లు ఇరవైనాలుగుకు పోవల్ల. కదిలింటే చెప్పు, వద్దనుకుందాం.”

చదువరులారా! సావుకారు అడిగిన ప్రశ్న ధర్మమైనదే. అడుగవలసినవానినే అడిగెను. అడుగవలసిన వేళనే అడిగెను. దస్తగిరి ‘కనబడలేదు’ అని యొక్కమాట చెప్పియుండిన ఆ దినము పని నిలిచియుండెడిది. ఆ వెనుక ‘ఎందుకు కనబడలేదు’ అను ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము రెండడుగుల దూరమున పచ్చని చేతులు పంచెకు తుడుచుకొనుచు నిలిచియుండెను. ముసలివాడు ఆ చేతులవంక చూచెను. ఇరువదియైదేండ్లు రొట్టె త్రుంచి పెట్టిన చేతులవి.

“కదల్లేదు సామీ” అనెను.

ముప్పదియొక్క యేండ్లలో చూడనిదానిని చూచినట్లు చెప్పుట వాని కదియే మొదలు. పంపులు కదలినవి. దస్తగిరి గొట్టముపై చేయివైచి నిలిచెను. ముల్లు ఇరువది దాటెను. ఇరువదిరెండు దాటెను. ఇరువదినాలుగున నిలిచెను. తొలి బేలు సుఖముగ దిగెను. రెండవదియు దిగెను. ఆఱవ బేలునకు పట్టీ బిగించుచు ఉరుకుందప్ప మునుపటివలె బిగ్గరగ నవ్వి “చూస్తివా అన్నా, పసుపు మహిమ!” అని ఎకసక్కెమాడెను. దస్తగిరికిని ఒకింత ఊపిరి తిరిగెను. తాను భయపడినది వృథాయేమో యని కూడ తలచెను.

ఏడవ బేలునకు ముల్లు ఇరువదిమూడవ గీతను తాకి వెండ్రుకవాసి వెనుకకు తగ్గి మరల లేచెను. చూచువారెవ్వరును దానిని గుఱుతింపజాలరు. దస్తగిరి అఱచేతిక్రింద గొట్టము ఒక్కమాఱు జలదరించెను.

“లెయ్‌రా ఉరుకుందూ! పక్కకు రా!” అని అఱచుచు వాడు ఒత్తిడిని వదలు మరచక్రమువైపునకు పరుగెత్తెను. అది ఆఱడుగుల దూరము. మూడడుగులు పడినవో లేదో భూమి బ్రద్దలైనట్లు శబ్దమయ్యెను. కుండమెడనుండి గడపంత యినుపముక్క యెగసి వంగి పట్టీ బిగించుచున్న ఉరుకుందప్ప ఱొమ్మున తాకెను. నీరు కప్పువఱకు లేచి పడెను. ఆ నీటిలో పసుపును కుంకుమయు రక్తమును కలిసి కాలువకట్టెను. దస్తగిరి వాని తలను ఒడిలోనికి తీసికొనునప్పటికే ప్రాణము లేదు.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనువారు వచ్చిరి. సర్కారుతనిఖీదారుడు వచ్చి కాగితముపై నేదియో వ్రాసికొని పోత ప్రాతదగుటచే విఱిగినదని తేల్చి పోయెను. వారందఱును పోయిన పిమ్మట దస్తగిరి ఆ యినుపముక్కను వెలుతురున పెట్టి త్రిప్పి చూచెను. అప్పుడే విఱిగిన యినుము బూడిదరంగున తళతళలాడుచుండగా ఒక ప్రక్కన మాత్రము పచ్చని చాఱ యుండెను. పసుపు చొచ్చినంతమేర ఆ పగులు మునుపే యున్నదని దాని యర్థము. అతడు వ్రేళ్లు పఱచి కొలిచెను. నాలుగంగుళములు కాదు. సరిగా జానెడు. సెలవునకు ముందటినాటి పనిలోనే, అడ్డగీత చెరిగిపోకమునుపే, పగులు దానిని దాటి యుండెను. ఏమియు కప్పిపుచ్చకుండ కడిగి చూచియుండిన ఆ దినమే యంత్రము నిలిచియుండెడిది. ముసలివాడు అచ్చటనే చతికిలబడి పసిబిడ్డవలె ఏడ్చెను.

పదునొకండవనాడు వాడు తిమ్మక్క యింటికి పోయి గడప వెలుపల నేలపై కూర్చుండి జరిగినది జరిగినట్లు చెప్పెను. గీతను తుడిచినది ఉరుకుందప్ప యనియు వాని పని పోవునని తాను అబద్ధమాడితిననియు దేనిని దాచలేదు. ఆమె తిట్టునేమోయని వాడెదురుచూచెను. తిట్టిన బాగుండునని కోరుకొనెను.

“ఆ మాట ఆ పొద్దే చెప్పింటే నా మొగుడు పని పోగొట్టుకోని ఇంట్లో కూచునింటాడు కదన్నా” అని ఆమె తుదకు పలికెను. “నిన్ను తిట్టుకుంటా కూచునింటాడు. ఆ గోడకానుకోని, కూచునైనా ఉంటాండె.”

దస్తగిరి ఆ గోడవంక చూచెను. వీపు ఆనిన చోట గోడ నున్నబడి జిడ్డుదేఱి యుండెను.

క్రొత్త కుండ వచ్చెను. సావుకారు ఏ కారణముననో దస్తగిరిని పనినుండి తొలగింపలేదు. ముసలివాడు తాను చేసినది చెప్పుకొనుటకు రెండుమాఱులు పోగా “పోయినోడు పోయినాడు, ఊరుకో” యని వినకయే పంపివైచెను. మఱుసటి యాయుధపూజకు పనివాండ్రు పసుపుగిన్నెలతో యంత్రమును చుట్టుముట్టగా దస్తగిరి కుండమెడపై తన యఱచేతిని ఆనించి పూత ముగియువఱకు తీయలేదు. జానెడు చోటు నల్లగ మిగిలెను. ప్రతియుదయమున వాడచ్చోట కిరసనాయిలు పూసి సుద్ద చల్లి చూచెడివాడు. కన్ను మసకబాఱిన దినమున నేరుగ సావుకారు నెదుటకు పోయి “ఈ పొద్దు నాకు కనబడలేదు సామీ” అని చెప్పెడివాడు. మఱియొకడు వచ్చి చూచువఱకు పంపులు కదలెడివి కావు. కదలలేదనుటకును కనబడలేదనుటకును నడుమ నొక మనుష్యుని ప్రాణముండునని వానికన్న బాగుగ నెఱిగినవారు ఆ సీమలో లేరు.

ఆ తరువాత దస్తగిరియు కాలము చేసెను. చెన్నబసప్పయు పోయెను. కాని ఆ కార్ఖానాలో ఆచారము మాత్రము నేటికిని తప్పలేదు. ఆయుధపూజనాడు యంత్రమంతయు పచ్చగ మెఱయుచుండ కుండమెడపై జానెడు చోటును పూయక విడిచి దానియెదుట టెంకాయ కొట్టి ‘ఇది ఉరుకుందప్ప తావు’ అని క్రొత్తవారికి చెప్పి అందఱును చేతులెత్తి మ్రొక్కుదురు. మ్రొక్కి పంపులు నడుపుదురు. అచ్చోట సుద్ద చల్లి చూచువాడు మాత్రము ఒక్కడును లేడు.