పసుపు మంట

అది 1983 జనవరి. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో శ్యామ్‌సుందర్ ఇల్లు. బయట మోకాలి లోతు మంచు. హాల్లో గోడకు బిగించిన గ్యాస్ హీటర్, దాని ముందు ఐదేళ్ల కూతురు రేణు, చుట్టూ బొమ్మలు. చూసినవాళ్లు ముచ్చటైన సంసారం అనుకునేవారు.

ఆ హీటర్‌ను మూడు చలికాలాలుగా ఎవరూ విప్పి తుడవలేదు. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు తిరిగింది. పైనున్న పింగాణీ పలకలకు మసి పట్టింది. శ్యామ్‌సుందర్ భార్య వసుమతి అది చూసింది. పెళ్లికి ముందు తెనాలిలో పదేళ్లపాటు పంపు స్టవ్‌ను పిన్నుతో పొడిచి వెలిగించిన మనిషికి, మంట రంగు మారిందంటే ఎక్కడో పూడుకుపోయిందని ఒకరు చెప్పాలా? గ్యాస్ కంపెనీ మనిషిని పిలిపించి శుభ్రం చేయించమని భర్తకు మూడుసార్లు చెప్పింది. ఇంట్లో ఉంటే తల పగిలిపోతోందనీ, బయటికి వెళ్తే తగ్గుతోందనీ కూడా చెప్పింది.

శ్యామ్‌సుందర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంజన్లు వదిలే పొగను కొలవడమే ఆయన ఉద్యోగం. మూడోసారి ఆయన పేపర్‌లోంచి తలైనా ఎత్తలేదు.

"కంబషన్ గురించి నాకు లెసన్స్ చెప్పకు. నీది ఇంటిమీద బెంగ, అందుకే ఆ తలనొప్పి," అన్నాడు.

వసుమతి నోరు మూసుకుంది. చదివేవారు కోప్పడకపోతే ఒక మాట. మన ఇళ్లలో ఆడపిల్లకు అన్నిటికంటే ముందు నేర్పే విద్య అదే.

ఆ తర్వాతి గురువారం మంచు వల్ల బడికి సెలవు ఇచ్చారు. మధ్యాహ్నం వసుమతి హాల్లోకి వచ్చేసరికి రేణు బొమ్మల మధ్య వాలిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. ఆమె గ్యాస్ కట్టేసి, పిల్లను భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా మంచులోకి పరుగెత్తింది. పక్కింటావిడ ఆంబులెన్స్‌ను పిలిచింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక పిల్ల కళ్లు తెరిచింది. సాయంత్రం గ్యాస్ కంపెనీ మనిషి హీటర్ విప్పి గుప్పెళ్లకొద్దీ దుమ్మూ మసీ తీశాడు. పొగ గొట్టం కూడా సగం పూడిపోయి, సరిగా మండని గ్యాస్ వదిలిన వాసనలేని విషవాయువు ఇంట్లోనే నిండిపోయిందని చెప్పి, ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నాడు.

పది రోజులకు శ్యామ్‌సుందర్ స్నేహితుడు శ్రీధర్ ఇంట్లో తెలుగువాళ్ల పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, జరిగింది. శ్యామ్‌సుందర్ ప్లేట్ పట్టుకుని మగవాళ్ల మధ్య నిలబడ్డాడు.

"ఫ్లేమ్ యెల్లోగా ఉందంటే డేంజర్ అండీ. నేను నోటీస్ చేశాను కాబట్టి సరిపోయింది. ఎవ్రీ ఇయర్ క్లీన్ చేయించాల్సిందే."

అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. పక్క గదిలో ఆడవాళ్లతో కూర్చున్న వసుమతికి ఆ మాటలు వినబడి ఒళ్లు మండిపోయింది. బిడ్డ ప్రాణం మీదికి వచ్చినా ఈ మనిషికి సిగ్గు రాలేదు. లేచి వచ్చి అందరి ముందూ నిలబడింది.

"నోటీస్ చేసింది నేనండీ. మూడుసార్లు చెప్పాను. ఈయన వినలేదు."

శ్రీధర్ నవ్వి మాట మార్చబోయాడు.

"ఆగండి, అన్నయ్యగారూ. నా మాట విననందుకు నా బిడ్డ చావు దాకా వెళ్లొచ్చింది. హీటర్లు క్లీన్ చేయించుకోండి, తప్పకుండా చేయించుకోండి. దానికంటే ముందు ఇంటికి వెళ్లి, మీ భార్య చెప్పీ చెప్పీ ఊరుకున్న మాట ఏమిటో అడగండి. అడిగి, వినండి."