మెట్ల మలుపులో స్విచ్చు

ఆ ఇంట్లో ఆయన్ని అందరూ మీటరు తాత అంటారు. ముప్ఫై అయిదేళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. ఎక్కడైనా అనవసరంగా లైటు వెలుగుతుంటే ఆయన కడుపు తరుక్కుపోతుంది. ఎవరైనా నీళ్లు తాగడానికి లేచారంటే, తిరిగొచ్చేసరికి వాళ్ల ఫ్యాను ఆగిపోయి ఉంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయనది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి, ఉద్యోగం పోయినా ఇది పోలేదు.

మూడంతస్తుల్లో పై గది తాతది. పాత గోడ గడియారాలు విప్పుకుని అక్కడ కూర్చుంటే ఆయనకి లోకం పట్టదు. పోయిన నెల మెట్ల మీద పడి మోకాలు వాచాక, కింది గదిలోకి మారాల్సిందేనని కూతురు పట్టుబట్టింది. తాత బతిమాలగా బతిమాలగా ఒక ఒప్పందానికి దిగింది. పై గదిలో కెమెరా పెడుతుంది, ఆఫీసు నుంచి ఫోన్లో చూసుకుంటుంది. తండ్రి కళ్లకి కనిపించినన్నాళ్లూ గది ఆయనదే.

కెమెరా పెట్టి వారమైంది. రోజూ పదింటికి తాత పైకి చేరేసరికి అది చచ్చి కూర్చుంటోంది. ఇవాళ మధ్యాహ్నానికల్లా బాగవకపోతే, మనుషులొచ్చి గడియారాల బల్లని కిందికి దించేస్తారు. అందుకే కెమెరాలు బాగుచేసే అమ్మాయి సంచీతో గుమ్మంలోకి రాగానే, తాత ఆమెకి పెళ్లివారికి చేసినంత మర్యాద చేశాడు.

ఆ అమ్మాయి ముందు కింద హాల్లో వైఫై పెట్టె కోసం వెతికింది.

"ఇనప బీరువా వెనక దాచారేంటి తాతగారూ? పాపం, దానికి ఊపిరాడద్దూ?"

పెట్టెని బయటికి లాగి గోడమీద ఎత్తుగా తగిలించింది. మధ్య అంతస్తులో, మెట్ల మలుపు దగ్గర గోడకి ఒక చిన్న డబ్బా ఉంది. కింది సిగ్నల్ అందుకుని పైకి పంపడం దాని పని. అదీ చూసింది, ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. పైకెళ్లి కెమెరా కూడా సరిచూసి కిందికొచ్చింది. ఫోన్లో తాత కుర్చీ, బల్ల, విప్పిన గడియారం స్పష్టంగా కనిపించాయి. తాతకి ప్రాణం లేచొచ్చింది.

"పదండి, పైకెళ్లి మీరు కూర్చుంటే ఎలా కనిపిస్తుందో చూద్దాం" అంటూ ఆమె ముందు ఎక్కింది. వెనకే తాత ఎక్కాడు. గదిలోకి వెళ్లి చూస్తే ఫోన్లో బొమ్మ లేదు.

దిగొచ్చి చూస్తే మలుపులో డబ్బా దీపం ఆరిపోయి ఉంది. స్విచ్చు ఆపి ఉంది.

"ఎవరో ఆపారు తాతగారూ."

తాతకి ఒళ్లు మండిపోయింది. "మా అల్లుడే అయ్యుంటాడు. రోజూ పొద్దున ఫోను ఛార్జింగుకి ఆ స్విచ్చు వేసేది అతనే."

"ఆయన ఆఫీసుకెళ్లి గంటయిందని ఇందాక మీరే అన్నారు కదండీ."

"మరైతే ఎవరు?"

ఆమె స్విచ్చు వేసింది. ఈసారి తాత ముందు నడిచాడు, నోరు మాత్రం ఆగలేదు. "ఈ ఇంట్లో ఒక్కరికీ బాధ్యత లేదమ్మా. దొరకనీ, ఎవడో గానీ వాడి చెవులు మెలేస్తాను" అంటూనే మలుపులో పట్టుకున్న మెట్ల కమ్మీ వదిలేశాడు. చెయ్యి దానంతటదే గోడ వైపు వెళ్లింది. టక్.

"తాతగారూ, ఆగండి. ఇప్పుడు మీ చెయ్యి ఏం చేసింది?"

తాత తన చేతిని చూసుకున్నాడు, తర్వాత ఆరిన దీపాన్ని. ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టేశా!"

తాత నవ్వలేదు. ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాడు. పోయిన నెల పడ్డది కూడా ఇక్కడే. చెప్పు జారి పడ్డానని కూతురితో అన్నాడు గానీ, నిజానికి కమ్మీ వదిలి, పగలు వెలుగుతున్న లైటు ఆపబోయి పడ్డాడు. ఆయనకి సిగ్గేసింది, భయమూ వేసింది.

"ఆ స్విచ్చు మీద టేపు వేసేస్తానండీ. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"వద్దమ్మా" అని ఆయన ఫోను తీసి కూతురికి కలిపాడు.

"బాగైందా నాన్నా? బల్ల మోసేవాళ్లని రమ్మననా?"

"కెమెరాకి ఏ రోగమూ లేదు తల్లీ. రోజూ దాని గొంతు నొక్కుతున్నది నేనే." పడ్డ సంగతి కూడా దాచకుండా చెప్పేశాడు. "ఇక నీ ఇష్టం."



"ముందు కమ్మీ వదలకుండా పైకెళ్లు" అంది కూతురు.

ఆ అమ్మాయి మళ్లీ స్విచ్చు వేసింది. తాత ఫోను ఆమె చేతికిచ్చి లేచి, రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకున్నాడు. ఆకుపచ్చ దీపం ఆయన్ని చూసి వెక్కిరించింది. పళ్లు బిగించి దాటేశాడు. పైన కుర్చీలో కూర్చుని, కూతురికి తను బాగా కనబడాలని, జీవితంలో మొదటిసారి పట్టపగలు బల్ల మీది లైటు వేశాడు. కెమెరాకేసి చెయ్యి ఊపాడు.

"కనిపిస్తున్నావు నాన్నా" అంది కూతురు ఫోన్లోంచి.  "వారం నుంచీ ఆ ఖాళీ కుర్చీనే చూస్తున్నాను, ఆ తర్వాత బొమ్మే ఉండదు. పైకి చేరావో, మెట్ల మీదే పడ్డావో తెలియక చచ్చేదాన్ని. సరే, మోసేవాళ్లని రావద్దంటాలే."

తాతకి కళ్లు తడయ్యాయి. ఏదో అనబోయాడు.

"అది సరేగానీ, పట్టపగలు ఆ లైటెందుకు నాన్నా?" అంది కూతురు. "ఆపెయ్."