ఖాళీ డబ్బా

మళ్లీ అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాయే కనిపించింది. సుందర్ రాజ్ కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, అదే సన్నివేశాన్ని మొదటినుంచి నడిపాడు. అమెరికాలో కాపెల్ అనే ఊళ్లోని ఆ చిన్న గేమ్ కంపెనీలో అతని పని అదే, తప్పు దొరికేదాకా ఆడటం. కాంట్రాక్టుకి ఇవాళే ఆఖరి రోజు.

తెరమీద వేరే గ్రహంవాళ్లు, తమ దగ్గర చిక్కుకుపోయిన మనిషితో తమ లిపిలో చెప్పే చివరి మాట: "మనం ఇంటికి వెళ్దాం." ఆ 'మనం' అక్షరమే రావడం లేదు.

"సాయంత్రంలోగా ఫిక్స్ కాకపోతే పాత అక్షరమే పెట్టేయండి, ఎవరు చూస్తారు?" అన్నాడు మేనేజర్ కెన్నీ ఇంగ్లీషులో.

పాత అక్షరానికి అర్థం 'మేము'. అది పెడితే వాళ్లు ఆ మనిషిని వదిలేసి వెళ్తున్నట్టే.

కొత్తది నిరుడు పుట్టింది. అప్పటిదాకా సుందర్ రాజ్ కారులో కూర్చుని తినేవాడు. చేపల పులుసు వాసనకి ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే అతను తప్పుకున్నాడు. భార్య పోయాక అన్నిచోట్లా అలా తప్పుకోవడం అలవాటైంది. ఒకరోజు నైనిక కారు అద్దం తట్టింది. గేమ్‌లోని భాషని కల్పించేది ఆ అమ్మాయే. పుట్టి పెరిగింది ఇక్కడే.

"అంకుల్, మేము లంచ్‌కి వెళ్దాం!"

"వెళ్లిరండమ్మా. నాకు చెప్పడం దేనికి?"

"నో, మీరు కూడా!"

"అయితే 'మనం' అనాలి. 'మేము' అంటే నేను లేనట్టు."

"వెయిట్, 'వుయ్'కి తెలుగులో రెండు వర్డ్సా? ఓ మై గాడ్, లైఫ్ అంతా అందర్నీ బయట పెట్టేశానా?"

అతను పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. మర్నాడు ఆమె గ్రహానికి కొత్త అక్షరం గీసింది. ఒక పక్క తెరిచిన సున్నా, లోపల చుక్క.

పొద్దు వాలుతుండగా కారణం దొరికింది. చివరి మాట లావు అక్షరాల్లో ఉంది. నైనిక దాన్ని సన్నగా మాత్రమే గీసింది.

"మనవాడికి బోల్డ్ లేదమ్మా."

"అయ్యో! టూ మినిట్స్, అంకుల్."

ఈసారి అక్షరం నల్లగా, నిండుగా వచ్చింది. తెరమీది మనిషి లేచి వాళ్లవెంట నడిచాడు. సుందర్ రాజ్ తెర చీకటయ్యేదాకా చూశాడు. తలుపు వేసుకున్నది తానేనని అతనికి ఎప్పుడో తెలుసు. తట్టిన చెయ్యి ఒకటి ఉందన్నదే ఇవాళ వెంట తీసుకెళ్లాలనిపించింది.

"రేపు కలుద్దాం, అంకుల్" అంది నైనిక అలవాటుగా, తలెత్తకుండానే. వెంటనే నాలుక కరుచుకుంది.

"కలుద్దాం" అన్నాడతను. ఆఫీసు వంటగదిలోకి వెళ్లొచ్చి, బ్యాడ్జి రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడు లంచ్‌కి నైనిక ఆఫీసు ఫ్రిజ్ తెరిచింది. ప్రతి డబ్బామీదా టేపు, టేపుమీద ఎవరిదో పేరు. కింది అరలో ఒక స్టీలు డబ్బా, నిండా చేపల పులుసు. దాని టేపుమీద పేరు లేదు. లావు మార్కర్‌తో గీసిన సున్నా, ఒక పక్క తెరిచి, లోపల చుక్కతో.