చుట్టుగుడ్డ

దబ్బనానికి దారం నిన్న సాయంత్రమే ఎక్కించి ఉంది. పొద్దున్నే కళ్ళు చిట్లించుకుంటూ దారంతో తంటాలు పడడం ఆమెకు ఇష్టం ఉండదు. ఇంటికి వెళ్ళే ముందు, కిటికీలో ఇంకా కాస్త వెలుతురు ఉండగానే, బారెడు దారం తెంపి, మైనం రాసి, దబ్బనానికి ఎక్కించి, కుడుతున్న గుడ్డలోనే గుచ్చి పెడుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే అలవాటు.

బెంచీ మీద కూర్చుని, కుడిచేతి నడిమివేలికి ఇనప తొడుగు పెట్టుకుంది. ఆ వేలు మిగతా వేళ్ళకంటే ఒక చుట్టు లావు. అరచేయి మొత్తం కాయలు కాసి, పాత చెప్పు అట్టలా గట్టిపడింది. మందపాటి గుడారం గుడ్డలోకి దబ్బనం దించి, వేలితో నెట్టి, పళ్ళు బిగించి అవతలికి లాగింది. మొదటి కుట్టు పడితే చాలు, ఇక రోజు దానంతటదే నడుస్తుంది.

అది సహాయ సామగ్రి గోదాము. ఏ దేశంలో భూమి కంపించినా, వరద వచ్చినా, ప్రభుత్వం పంపే గుడారాలు ఇక్కడినుంచే వెళతాయి. మంచివి ముందు హాల్లో, పైకప్పు దాకా దొంతర్లుగా ఉంటాయి. చిరుగో చిల్లో ఉన్నవాటి మీద ఎర్రరంగుతో అడ్డగీత కొట్టి, లెక్కలోంచి తీసేసి, వెనక గదిలో పడేస్తారు. వాటిని కోసి, మంచి గుడారాలకు పైన చుట్టే గుడ్డలు తయారుచేయడం ఆమె పని. కాగితాల్లో ఆమె ఉద్యోగం పేరు ‘చుట్టుగుడ్డల కూలీ’. గోదాములో అందరూ పిలిచేది మాసికలమ్మ అని.

ఆ పేరు ఎందుకొచ్చిందో అడిగినవాళ్ళు లేరు. కోసే పనికి మాసికలతో ఏం సంబంధమని ఎవరికీ తట్టలేదు.

తొమ్మిదింటికి హమాలీల మేస్త్రి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో చిన్న రేడియో. సముద్రానికి అవతలి దేశంలో నాలుగు రోజుల క్రితం భూకంపం వచ్చింది. అక్కడిది మంచు కురిసే కాలం. నాలుగు వందల గుడారాలు పంపుదామని ప్రతిపాదన. అంత పంపాలా వద్దా అని సభలో రెండు రోజులుగా వాదన.

“విన్నావా అక్కా? పోయినసారి మనకు వరదొస్తే వాళ్ళేం పంపారని అడుగుతున్నాడు ఒకాయన. సరిగ్గా అడిగాడు.”

“ఏం పంపారట?”

“దుప్పట్లు. అవీ పొట్టివి.”

“కాళ్ళు ముడుచుకుంటే సరిపోతాయిగా.”

మేస్త్రి నవ్వాడు కానీ వదల్లేదు. “నవ్వులాట కాదు. పెద్ద పెద్ద దేశాలున్నాయి, వాళ్ళని ఇవ్వమను. మా చెల్లి ఇంటి కప్పు గాలికి లేచిపోయి ఏడాదైంది. ఇప్పటికీ రేకుల మీద రాళ్ళు పెట్టుకుని పడుకుంటోంది. దానికి ఒక్క గుడారం ఇచ్చిన నాథుడున్నాడా? బయటివాళ్ళకి మాత్రం విమానంలో!”

ఆమె కుట్టు ఆపింది. ఆ మాటకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

“మీ చెల్లి కష్టం కష్టమే. దానికీ ఇవ్వాలి. కాదని ఎవరన్నారు? అయితే ఆ దేశంలో పసిపిల్ల మంచులో పడుకున్నంత మాత్రాన మీ చెల్లికి కప్పు వస్తుందట్రా?”

“అలా అంటే నేనేం చెప్పను?”

“ఏం చెప్పకు. రేపు పొద్దున మీ చెల్లిని ఇక్కడికి పంపు. నాకు చూపు మందగిస్తోంది, చేతికింద మనిషి కావాలని ఆఫీసులో ఎప్పుడో చెప్పాను. పని నేర్చుకుంటుంది. తన కప్పు సంగతి తనే చూసుకుంటుంది.”

మేస్త్రి రేడియో గొంతు పెంచుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పుకునే వేళకు సభ నిర్ణయం వచ్చింది. నాలుగు వందలు కాదు, రెండు వందలు. దేశం శక్తికి అదే ఎక్కువట. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకెవరో ఛీ అన్నారు. ఆమె మాత్రం గోడవారగా మడతపెట్టి ఉన్న చుట్టుగుడ్డల దొంతర్ల వైపు చూసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. నూట ఎనభై ఆరు. తన ముందున్నది పూర్తయితే నూట ఎనభై ఏడు. సభకు తెలియని సంఖ్య అది.

చిక్కు మూడింటికి వచ్చింది. ఎప్పుడూ సరుకు ఓడలో వెళ్ళేది, తూకం అడిగేవాడు లేడు. ఈసారి విమానం. కట్టగట్టిన ప్రతి మూటనూ తూచాలన్నారు. హాల్లో త్రాసు మీద మొదటి మూట పెట్టగానే గోదాము అధికారి కాగితం వైపు, ముల్లు వైపు మార్చి మార్చి చూశాడు. కాగితంలో యాభై రెండు కిలోలు. త్రాసు మీద డెబ్బై ఏడు. రెండో మూటా అంతే. మూడోదీ అంతే.

అధికారి ముప్ఫై దాటని మనిషి. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ఈ ఉద్యోగం మీద అయిదుగురు బతుకుతున్నారని గోదాములో అందరికీ తెలుసు. చొక్కా కాలరు దగ్గర చెమట తుడుచుకుని, “విప్పండి” అన్నాడు.

మూట విప్పారు. లోపల గుడారం కొత్తదే, బాగానే ఉంది. పైన చుట్టిన గుడ్డను నేలమీద పరిస్తే పరుచుకుంటూనే పోయింది. అదీ గుడారమే. చిరుగులన్నిటికీ మాసికలు. అంచుల్లో తాళ్ళు చుట్టి దోపి ఉన్నాయి. ఎర్ర అడ్డగీత లోపలి వైపుకు మడిచి ఉంది.

“ఇదెవరి పని?”

మాసికలమ్మ వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నాదే బాబూ.”

“లెక్కలోంచి కొట్టేసిన సరుకమ్మా ఇది! పరాయి దేశంలో గాలికి చిరిగిందనుకో, మన పేరు పోతుంది. ముందు నా ఉద్యోగం పోతుంది. అసలు కోయమంటే కోయకుండా ఇదంతా ఎందుకు చేశావు?”

ఆమె వేలి తొడుగును ఒకసారి తిప్పుకుంది. ఈ సంగతి మాటల్లో పెట్టాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

“నాకు ఏడేళ్ళప్పుడు మా ఊరు వరదలో పోయింది బాబూ. ఏదో దేశంవాళ్ళు గుడారాలు పంపారు. పంచేచోట అయిదుగురున్న ఇంటికి గుడారం అన్నారు. మేం నేనూ మా అమ్మే. ఇద్దరికి గుడారం ఎలా ఇస్తామన్నారు. అమ్మ కదల్లేదు. చివరికి ఒకాయన గుడారానికి చుట్టొచ్చిన గుడ్డ తీసి ఇచ్చాడు. దాని కిందే నలభై రోజులున్నాం. నాలుగు వైపులా గాలి. చిల్లులోంచి వాన నేరుగా నా మొహం మీద పడేది. అమ్మ ఆ చిల్లుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది.”

హాల్లో రేడియో ఎవరో కట్టేశారు.

“గుడారం అందనివాళ్ళు ప్రతిచోటా మిగులుతారు బాబూ. వాళ్ళకి దక్కేది ఈ గుడ్డే. అందుకని...”

అధికారి మేస్త్రి వైపు తిరిగాడు. “మూటకి పాతిక కిలోలు ఎక్కువుంటే నీకు తెలీలేదా?”

“పాతికేళ్ళుగా మోస్తున్నా సార్. నా భుజానికి తెలీకపోవడమేంటి?”

“మరి చెప్పలేదే?”

“మీరు అడగలేదు గదా సార్.”

మాసికలమ్మ నోరు తెరిచి మేస్త్రిని చూసింది. “పొద్దున్నుంచీ పంపొద్దని గోలపెట్టింది నువ్వే గదరా!”

“అది పంపేవాళ్ళతో తగువు అక్కా. నీతో కాదు.” అతను మెడమీద తువ్వాలు సర్దుకుని అధికారితో అన్నాడు. “నాదొక మాట సార్. దాన్ని నిలబెట్టి నీళ్ళు పోద్దాం. కారితే కోసేద్దాం.”

పెరట్లో రెండు గుంజలు పాతి చుట్టుగుడ్డను నిలబెట్టారు. అధికారి బూట్లు విడిచి లోపలికి దూరాడు. తెర వేశారు. హమాలీలు వరసగా నిలబడి బకెట్లతో గుమ్మరించారు. ఇరవై, ముప్ఫై, నలభై బకెట్లు. పెరడంతా బురదైంది. ఆమె అరుగు మీద కూర్చుని, దోసిలి పట్టినట్టు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తను కుట్టినదాని కింద ఒక మనిషి కూర్చోవడం చూడటం ఆమెకిదే మొదటిసారి.

అధికారి బయటికి వచ్చాడు. మోకాళ్ళకు మట్టి. తల పొడిగా ఉంది. జుట్టులోకి రెండుసార్లు వేళ్ళు పోనిచ్చి చూసుకున్నాడు.

“లోపల ఒక్క చుక్క కూడా పడలేదు” అన్నాడు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం ముందేసుకున్నాడు. “విమానంలో నాలుగు వందల గుడారాల బరువుకు చోటు తీసుకున్నాం. వెళ్ళేవి రెండు వందలే. బరువుతో పేచీ లేదు.”

“మరి కాగితంలో ఏం రాస్తారు సార్?” మేస్త్రి అడిగాడు.

“ఉన్నదే రాస్తాను.” కలం తీసి రాశాడు. ‘గుడారాలు రెండు వందలు. వాటిలో నూట ఎనభై ఆరింటి చుట్టుగుడ్డలు మరమ్మతు చేసిన గుడారాలు. నీటితో పరీక్షించడమైనది. నివాసానికి పనికివస్తాయి.’ కింద తన సంతకం. ఆలోచించి, ఎర్ర అడ్డగీతలు కనపడకుండా దాచవద్దని, వాటి పక్కనే ‘మరమ్మతు అయినది’ అని రాయమని చెప్పాడు. ఎవరైనా అడిగితే జవాబు తనే చెప్పుకుంటానన్నాడు.

“ఒక్క అరగంట ఆగండి బాబూ. నూట ఎనభై ఏడు చేస్తాను” అంది ఆమె.

ఆగారు. కాగితంలో అంకె దిద్దారు. రెండు లారీలు ఇంజన్లు ఆపుకుని నిలబడ్డాయి. ఆమె కుట్టిన చివరి మూటను మేస్త్రి ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే భుజానికెత్తుకుని ఎక్కించాడు. లారీలు గేటు దాటాక కూడా ఆమె కాసేపు అక్కడే నిలబడింది.

“అలసిపోయావు, ఇంటికెళ్ళు” అన్నాడు మేస్త్రి.

“వెలుతురుందిగా ఇంకా. రేపటిది మొదలెట్టి పోతా. మీ చెల్లికి చెప్పడం మర్చిపోకు.”

వెనక గదిలో ఎర్ర అడ్డగీత ఉన్న ఇంకో గుడారం లాగి బెంచీ మీద పరిచింది. పెద్ద చిరుగు. దానికి మాసిక పెట్టి సగం దాకా కుట్టింది. వెలుతురు పలచబడ్డాక ఎప్పటిలాగే దారం తెంపి, మైనం రాసుకుంది. తలుపు దగ్గరగా వేసి, బస్సు ఎక్కింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చింది మేస్త్రి చెల్లెలు. కొత్తచోటు కాబట్టి ఒద్దికగా బెంచీకి ఓ చివర కూర్చుని ఎదురుచూసింది. ఎనిమిదైంది. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరకు మాసికలమ్మ కోడలు ఆఫీసుకు ఫోను చేసింది. అత్తయ్య నిద్రలోనే పోయిందని, మొహం ప్రశాంతంగా ఉందని చెప్పింది.

అధికారీ, మేస్త్రీ గుమ్మంలో నిలబడిపోయారు. ఏం చేయాలో తోచక చెల్లెలు అన్న మొహం కేసి చూసి, మళ్ళీ బెంచీ కేసి చూసింది. సగం కుట్టిన మాసికలో దబ్బనం గుచ్చి ఉంది, దానికి మైనం రాసిన బారెడు దారం ఎక్కించి ఉంది.