గీకని కార్డు

"నువ్వు మంచిదన్నవనే తీస్కున్న బిడ్డా" అంది నర్సింహమ్మ.

చంద్రికకు ఏమీ అర్థం కాలేదు. బొల్లారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ముడిసరుకు తూచి ఇచ్చే గదిలో ఆమె పని. నర్సింహమ్మ అదే గదిలో డ్రమ్ములు తుడిచి, నేల కడిగే మనిషి. పొద్దుటి షిఫ్టు దిగి ఇద్దరూ బట్టలు మార్చుకుంటున్నారు. నర్సింహమ్మ చేతిలో నల్లగా నిగనిగలాడే కార్డు ఒకటి ఉంది.

"నేనెప్పుడన్న అక్కా?"

"మీ అన్న సందీపే చెప్పిండు. మా చెల్లె దినాం గ్రాములల్ల లెక్క జేసే పిల్ల, అంతా చూసి మంచిదన్నది అని. నీ పేరు చెప్పకుంటె నేనిస్తనా ఇరవై ఐదు వేలు? చిట్టి ఎత్తుకున్న పైసలవి."

సందీప్ పని చేసే కంపెనీ మూతపడి ఏడు నెలలైంది. రెండు నెలల కిందట, అన్నం తింటున్నప్పుడు ఈ కార్డు సంగతి ఎత్తాడు. క్రిప్టో కార్డట. రూపాయలు వేస్తే అవి ఫోనులో మాత్రమే కనబడే నాణేలవుతాయట. కిరాణా కొట్టులో గీకినా, పెట్రోలు బంకులో గీకినా నూటికి నాలుగు రూపాయలు వెనక్కి వస్తాయట. ఆ రోజు చంద్రిక డబుల్ డ్యూటీ చేసి వచ్చింది. కళ్లు మూతలు పడుతున్నాయి. "చూసి చెప్తలే" అని కంచం తీసింది. అంతే. ఆ ఒక్క మాటను అన్న ఊరంతా తిప్పి అమ్ముకున్నాడు.

"జెర చూడు బిడ్డా. గీ పైసలు తగ్గుతున్నయెందుకు?" అంటూ నర్సింహమ్మ ఫోను చేతిలో పెట్టింది.

కంపెనీ బస్సులో పక్కపక్కన కూర్చుని, వచ్చిన మెసేజులన్నీ మొదటి నుంచి చదివింది చంద్రిక. కార్డు ఇచ్చినందుకు పదిహేను వందలు. దాని మీద జీఎస్టీ. రూపాయలను నాణేలు చేసినందుకు నూటికి రెండు. మిగిలిన దాంట్లో పదిహేను వేలు ఏడాది దాకా ముట్టుకోకుండా కట్టిపడేస్తేనే ఆ నాలుగు శాతం. ఆ పదిహేను వేల నాణేలు అప్పుడే పన్నెండు వేలకు పడిపోయాయి.

నర్సింహమ్మ పటాన్‌చెరులో రెండు వేల సరుకులు కొన్నప్పటి మెసేజు దొరికింది. వెనక్కి వచ్చింది ఎనభై రూపాయలు. నాణేలను మళ్లీ డబ్బు చేసినందుకు నలభై కోశారు. కార్డు లోపల లెక్కంతా డాలర్లలో నడుస్తుంది కాబట్టి ఇంకో అరవై. ఎనభై ఇచ్చి నూరు గుంజుకున్నారు. ఆ ఎనభై కూడా చేతికి రాదు. వెయ్యి అయ్యేదాకా ఆగాలి. వెయ్యి కావాలంటే ఆమె పాతిక వేల సరుకులు కొనాలి. ఇవన్నీ పోను, నెలనెలా తొంభై తొమ్మిది.

"అంటె ఎంత గీకితే అంత పోతదా?" అని అడిగింది నర్సింహమ్మ.

"అంతే అక్కా."

నర్సింహమ్మ కార్డును సంచిలో పడేసింది. తన స్టాపు రాగానే కొంగు సర్దుకుని దిగిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చంద్రికకు.

రుద్రారంలో ఇంటికి వెళ్లేసరికి సందీప్ అద్దం ముందు కొత్త చొక్కా వేసుకుని చూసుకుంటున్నాడు.

"నా పేరు ఎవరెవరికి చెప్పినవ్?" అని గుమ్మంలోనే అడిగింది.

"ఏంది, ఏమైంది?"

"నర్సింహమ్మక్కకు చెప్పినవ్. ఇంకెవరికి?"

"ఓ పదిమందికి చెప్పి ఉంటా. తప్పేముంది చెల్లె? నువ్వు వద్దనలేదు గద."

"అవునని అన్ననా?"

సందీప్ చిరాకు పడ్డాడు. "నీకు పైపైన కోతలే కనవడతయ్. నాణెం పెరిగితే ఎంతొస్తదో నీకెరుకనా? ఆదివారం కిష్టారెడ్డిపేటల మీటింగుంది. కార్డు కంపెనీ దుర్గాప్రసాద్ సారే వస్తుండు. దమ్ముంటె వచ్చి ఆయన్నే అడుగు."

"వస్త" అంది చంద్రిక.

ఆదివారం పదకొండింటికి నర్సింహమ్మను వెంటబెట్టుకుని వెళ్లింది. అపార్టుమెంట్ల కింద ఉన్న హాలది. యాభై అరవై మంది ఉన్నారు. మూడో వరసలో తన ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు నలుగురు ఆమెకు కనబడ్డారు. వాళ్లు చేతులూపి, పక్కన కుర్చీ చూపించారు. ఒళ్లో పర్సులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

దుర్గాప్రసాద్ హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి. నెమ్మదిగా, తియ్యగా మాట్లాడతాడు. "బ్యాంకు మీకేమిస్తోంది? మూడు శాతం. మా కార్డు నాలుగిస్తుంది, అదీ మీరు ఖర్చు పెడుతుంటే!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కోతల గురించి ఒక్క ముక్క లేదు. సందీప్ ఫారాలు పంచుతూ మూడో వరస దగ్గర ఆగి, "చూడుండ్రి, మా చెల్లె కూడ వచ్చింది" అన్నాడు నవ్వుతూ.

చంద్రిక పళ్లు కొరుక్కుంది. లేద్దామనుకునేలోగా సమోసాలు, చాయ్ వచ్చాయి. పటాన్‌చెరులో మిఠాయి దుకాణం నడిపే విశ్వేశ్వర్ సేఠ్ స్వయంగా తెచ్చాడు. అందరికీ పంచాక, "పద్దెనిమిది వందల యాభై సార్" అన్నాడు. దుర్గాప్రసాద్ ఫోను తీసి, సేఠ్ చూపిన క్యూఆర్ కోడు స్కాన్ చేసి, బ్యాంకు ఖాతాలోంచి కట్టేశాడు. అందరూ ఎప్పుడూ కట్టేటట్టే.

చంద్రిక దిగ్గున లేచింది.

"సార్, మీ కార్డెందుకు గీకలేదు?"

దుర్గాప్రసాద్ నవ్వాడు. "చిన్న బిల్లు కదమ్మా. పైగా వీళ్ల దగ్గర మిషన్ ఉండదు."

"మిషనుంది సార్, బండిల ఉంది. తెమ్మంటరా?" అన్నాడు సేఠ్ అమాయకంగా.

"చిన్న బిల్లయితే ఏంది సార్? నూటికి నాలుగంటిరి. డెబ్బై నాలుగు రూపాయలు మీకు వాపస్ వచ్చేవి. ఎందుకు ఒదులుకున్నరు?" అని నిలదీసింది చంద్రిక. "నేను చెప్తనా? డెబ్బై నాలుగొచ్చి తొంభై రెండు పోతయ్. మీకెరుకే. మాకు చెప్పలేదు. ఈ నర్సింహమ్మక్క ఫోన్ల అన్ని మెసేజులున్నయ్, ఎవరన్న వచ్చి చదువుకోండ్రి."

"అమ్మా, మీరు దీర్ఘకాలంలో ఆలోచించాలి..."

"ఏడాది కట్టిపడేసిన పదిహేను వేలు రెండు నెలలల్ల పన్నెండయినయ్. ఇంకెంత దీర్ఘం చూడాలె?"

సందీప్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "కూసో. ఇజ్జత్ తీయకు."

ఆమె చెయ్యి విదిలించుకుంది. "సరే, సార్ గీకడు. నువ్వు గీకు అన్నా. సేఠూ, మిషన్ తెండి. వంద రూపాయలది గీకు, మెసేజ్ అందరికి చదివి వినిపించు."

సందీప్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. కార్డు తియ్యలేదు.

"తియ్యి!"

"నా దాంట్ల..." అతను సేఠ్ వైపు, చెల్లెలి వైపు చూశాడు. "నా దాంట్ల పైసల్లెవ్వు."

"ఎప్పుడు వేసినవ్?"

"ఎయ్యలే. ఏజెంట్లకు కార్డు ఫ్రీ ఇచ్చిండ్రు."

మూడో వరసలో ఒకామె పర్సు జిప్పు లాగి లేచింది. ఆమె వెనకాలే మిగతా ముగ్గురు. తర్వాత ఇంకా కొందరు. దుర్గాప్రసాద్ మైకులో ఏదో చెబుతూనే ఉన్నాడు. అయినా, ఏడుగురు ఫారాలు నింపి డబ్బు కట్టారు. వాళ్ల దగ్గరికి వెళ్లి చంద్రిక చేతులు జోడించి వద్దని చెప్పినా వినలేదు. "నీకు కుళ్లు" అన్నాడు వాళ్లలో ఒకాయన.

బయట సందీప్ మోటారుసైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "నా కడుపు మీద కొట్టినవ్ చెల్లె. కార్డు తీస్కున్న మనిషికి రెండు వేలు కమీషనొచ్చేటివి."

"నీకు పని లేదంటె ఇంట్ల తిను, నేను పెడ్త. ఎన్నాళ్లయినా పెడ్త. కని నేలలు కడిగే మనిషి పైసలు నా పేరు చెప్పి గుంజుతవా? ఒక్క రూపాయి నువ్వు పెట్టనిదాంట్ల ఆమెతోని పాతిక వేలు పెట్టిస్తవా?" రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. ఆమె లక్ష్యపెట్టలేదు. "నడు. ఆమె దగ్గరికి నడు."

నర్సింహమ్మ అప్పటికే షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఇద్దరూ బొల్లారంలో ఆమె కిరాయి గదికి వెళ్లారు. సందీప్ తనకొచ్చిన రెండు వేలు తీసి ఆమె ముందు పెట్టాడు. తలెత్తలేదు. "మా చెల్లె మంచిదని చెప్పలేదు, చూసి చెప్తనన్నది అంతే. నేనే అబద్ధమాడిన" అన్నాడు.

నర్సింహమ్మ నోట్లు తీసుకుంది.

"మిగతాయి?"

"నెలకింత ఇస్త పెద్దమ్మా. ఏదన్న లోడింగ్ పనికైనా పోత."

"ఇయ్యాలె మరి" అంది ఆమె. ఆ తర్వాత చంద్రిక వైపు చూసింది. "నీ తప్పు లేదని తెలిసింది బిడ్డా. కని ఆనాడు చూసి చెప్తనన్నవంట గద. చూసుంటే అయిపోతుండె."



సందీప్ మరుసటి వారం ఒక గోదాములో లోడింగుకు కుదిరాడు. నెలకు మూడు వేల చొప్పున నర్సింహమ్మకు ఇస్తున్నాడు. ఇంట్లో అతనికి అన్నం వడ్డిస్తుంది చంద్రిక. మాట మాత్రం ఇంకా కలపలేదు.