పటానికి అడ్డం

ఆమె అసలు పేరు ఛానెల్ వాళ్లు మరిచిపోయి చాలాకాలమైంది. గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని పై అంతస్తులో పెద్దాయన దాకా అందరికీ ఆమె వానమ్మే. ఎండలు మండిపోతున్నా వానమ్మే. రోజూ సాయంత్రం ఒక పచ్చ గోడ ముందు నిలబడి దేశం మొత్తానికి రేపటి వాతావరణం చెప్పడం ఆమె ఉద్యోగం. చూసేవాళ్లకి ఆమె వెనక రంగురంగుల దేశపటం కనిపిస్తుంది. ఆమెకి మాత్రం ఉత్త గోడే. పక్కన పెట్టిన చిన్న టీవీలో తనని తాను చూసుకుంటూ, గోడ మీద ఎక్కడో చెయ్యి ఆనించి, ఇదిగో వాన, అదిగో మంచు అనాలి. గోడకు చెప్పుకోవడమంటే ఇదే కాబోలని నవ్వుకునేది.

నిలబడేది ఎప్పుడూ పటానికి కుడివైపునే. ఆగ్నేయ మూల, సముద్రపు ఒడ్డున ఉన్న ఆమె పుట్టినూరు అక్కడే, రోజూ ఆమె నడుము వెనక దాక్కుని ఉంటుంది. ఈ సంగతి ముందుగా కనిపెట్టినవాడు ఆమె తండ్రి. ఒడ్డున షెడ్డు వేసుకుని పడవల ఇంజన్లు బాగుచేసే ఆయనకి అదో గొప్ప. వచ్చినవాళ్లందరికీ, మా అమ్మాయి అడ్డం నిలబడి ఉండగా మన ఊరికేం రాదులే అని చెప్పేవాడు. మొదట్లో వేళాకోళానికే అన్నాడు. వరసగా ఐదారేళ్లు ఏ తుఫానూ అటువైపు తొంగిచూడకపోయేసరికి వేళాకోళం కాస్తా నమ్మకమై కూర్చుంది.

అత్తగారి గోల వేరు. ఆవిడది వాయవ్యాన కొండల మీద, బస్టాండు పక్కన స్వెట్టర్ల దుకాణం. మీ పుట్టింటి చినుకుల గురించి గంట చెబుతావు, మా మంచుకి మాత్రం రెండు ముక్కలా అని వారానికోసారైనా దెప్పుతుంది. అలాగని మనసులో ఏమీ లేదు. కోడలు టీవీలో వచ్చే వేళకి బేరాలు కూడా పక్కన పెట్టేస్తుంది.

ఆ రోజు రెండు దిక్కులూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మీద పడ్డాయి. రాత్రికి కొండదారి మంచుతో మూసుకుపోతుంది, బస్సులేవీ పైకి ఎక్కకూడదు. తెల్లవారేసరికి తుఫాను తీరం దాటుతుంది. ఎక్కడ దాటుతుందో వాతావరణ కేంద్రం పంపిన పటంలో వానమ్మ రెండుసార్లు చూసుకుంది. ఆ తెల్లని సుడి వచ్చి వచ్చి సరిగ్గా తన నడుము వెనకే ఆగుతోంది.

మధ్యాహ్నం నుంచి తండ్రికి ఫోన్ చేస్తూనే ఉంది. ఒడ్డు ఖాళీ చెయ్యమని మైకులో చెప్పి వెళ్లారట. ఆయన చెవిన పెట్టలేదు. ఇంజన్లు విప్పేసి ఉన్నాయట, వదిలేసి వస్తే ఏ నట్టు దేనిదో తెలియకుండా పోతుందట. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. పైగా మెకానిక్ కదిలితే కదులుదామని సగం వీధి ఆయన గడప వంకే చూస్తూ కూర్చుంది. చెప్పీ చెప్పీ ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

"నాన్నా, నా మాట విను. అందర్నీ తీసుకుని బడి మేడ మీదకి వెళ్లిపో."

"ఫోన్లో నువ్వు కూతురివి. ఊరికే భయపడతావు. సాయంత్రం టీవీలో చూస్తాలే."

ఇవాళ ఎడమవైపు నిలబడతానని ప్రొడ్యూసర్‌ని అడిగింది. అటు నిలబడితే కొండదారి కనిపించదు, డ్రైవర్లు చూసేదే ఆ మూల అన్నాడాయన. అదీ నిజమే. పోనీ పటం ఒక్కటే చూపించి వెనక నుంచి చెబుతానంది. తెర మీద మనిషి లేకపోతే జనం ఛానెల్ మార్చేస్తారు, వెళ్లి ఎప్పటిలాగే నిలబడమని కుండబద్దలు కొట్టాడు.

ఎప్పటిలాగే నిలబడింది. ముందు కొండల మంచు సంగతి చెప్పింది, అత్తగారు వేలెత్తి చూపకుండా నాలుగు ముక్కలు ఎక్కువే చెప్పింది. తర్వాత ఆగ్నేయానికి వచ్చింది. చిన్న టీవీలో సుడి మెల్లగా కదిలి తన చీర కొంగు వెనక్కి వెళ్లిపోతోంది. ఒకడుగు పక్కకి వేసింది. ఇంకొకటి వేసింది. "వానమ్మా, ఎక్కడికి? ఫ్రేములోకి రా" అని చెవిలో ప్రొడ్యూసర్ గొంతు. ఆమె వెళ్లి లైట్ల అవతల చీకట్లో నిలబడింది.

దేశానికి మనిషి లేని పటం కనిపించింది. ఆ మూల మంచు, ఈ మూల తుఫాను. గొంతు మాత్రం వినిపించింది. ఒడ్డున ఉన్నవాళ్లు ఇప్పుడే, వెలుగుండగానే బయల్దేరాలని ఊళ్ల పేర్లన్నీ చదివింది. తన ఊరి పేరు దగ్గర గొంతు వణికింది. ఆమె దాచుకోలేదు.

బయటికి రాగానే ప్రొడ్యూసర్ తిట్లతో ఎడాపెడా వాయించేశాడు. ఆమె చెవులు ఫోన్ దగ్గరున్నాయి. తండ్రి ఎత్తడం లేదు. మళ్లీ మళ్లీ చేసింది. ఈలోగా అత్తగారి ఫోన్ వచ్చింది. డ్రైవర్లంతా బస్సులు ఆపేసి తన దుకాణంలోనే కూర్చున్నారని చెప్పి, "అన్నయ్యగారు కదిలారా అమ్మాయీ? నేనూ చేస్తున్నా, ఎత్తడం లేదు" అందావిడ. ఆ గొంతులో దెప్పడం లేదు. వానమ్మకి ఏడుపొచ్చింది.

చీకటి పడుతుండగా తండ్రే చేశాడు. వెనక పిల్లల అల్లరి, గిన్నెల చప్పుడు.

"బళ్లోనే ఉన్నాంలే. వీధి వీధంతా ఇక్కడే ఉంది. సామాన్లు మోసే కంగారులో నీ ఫోన్ వినపడలేదు."

"పోన్లే, నా మాట విన్నావు."

"మాటెక్కడ విన్నానే తల్లీ. రోజూ నిన్ను చూడ్డమే గానీ ఆ పటం ఎప్పుడు చూశాను? ఇవాళ నువ్వు లేకపోయేసరికి మన ఊరు కనిపించింది. ఎంత చిన్నదో."

ఆమె ఫోన్ చెవికి అదుముకుంది.

"ఈ తుఫాను వెళ్లిపోయాక, మళ్లీ అక్కడే నిలబడు" అన్నాడాయన.